వార్షిక నివేదిక 2024-25: మంచు దేశాలకు వెళ్లే అమ్మానాన్నల కోసం

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా ఇచ్చాం. సభ్యత్వ రుసుము పెంచలేదు. వీసా ఫారాలు నింపడంలో సాయం ఎప్పటిలాగే సాగింది. బీచ్ రోడ్డులో ఉదయపు నడక మాత్రం మోకాళ్ల పుణ్యమా అని సగంలో ఆగిపోయింది. మిగతా ఓపికంతా నవంబరులో ఎంవీపీ కాలనీలో పెట్టిన మంచు క్లాసుకే పోయింది.

విశాఖలో మంచు క్లాసేమిటని కొందరు నవ్వారు. డిసెంబరు మధ్యాహ్నం కూడా ఫ్యాను వేసుకునే ఊరు మనది. అసలు చిక్కు మన మాటలోనే ఉంది. అరకులో కమ్ముకునేదీ మంచే, తెల్లారేసరికి గడ్డి మీద మెరిసేదీ మంచే, అమెరికాలో మోకాలి లోతు కురిసేదీ మంచే. లంబసింగి చూసొచ్చిన ధైర్యంతో విమానం ఎక్కేస్తాం.

ఆ ధైర్యవంతుల్లో నేనూ ఉన్నాను. 2024 జనవరిలో మిషిగన్‌లో మా అమ్మాయి ఇంటి మెట్ల మీద మంచు పేరుకుంటే, గుమ్మం కడిగినట్టు బకెట్టుడు వేణ్ణీళ్లు పోశాను. చక్కగా కరిగింది. కాసేపటికి ఆ నీళ్లే గాజు పలకలా గడ్డకట్టాయి. చెత్త పడేయడానికి దిగి, జారి, మణికట్టు విరగ్గొట్టుకున్నాను. "నిన్నెవరు కడగమన్నారమ్మా?" అని అమ్మాయి ఏడుపు. బీమా కంపెనీ డబ్బివ్వడానికి నాలుగు నెలలు తిప్పింది.

అందుకే క్లాసులో మొదటి మాట ఉప్పు గురించి. అక్కడ బస్తాల్లో అమ్మే రాతి ఉప్పును ముగ్గు పిండిలా పలచగా చల్లితే చాలు, మంచు కరుగుతుంది. చలి మైనస్ 9 డిగ్రీలు దాటితే అది పెద్దగా పనిచేయదు, కాల్షియం క్లోరైడ్ వాడాలి. తెల్లగా కనిపించే మంచుకన్నా రోడ్డు రంగులో కలిసిపోయే పలచటి గడ్డ ప్రమాదం. బ్లాక్ ఐస్ అంటారు. దాని మీద బాతులా చిన్న చిన్న అడుగులు వేయాలి, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు.

పెద్ద చర్చ పార దగ్గర వచ్చింది. బోస్టన్‌లో మంచు ఆగిన మూడు గంటల్లో ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలి, లేదంటే జరిమానా. రాత్రి కురిస్తే సూర్యోదయం నుంచి మూడు గంటలు. పిల్లలేమో ఆఫీసు హడావిడిలో ఉంటారు. స్టెంటు వేయించుకున్న ఒక సభ్యుడు లేచి, "హుద్‌హుద్ తుఫాను అప్పుడు పడిన చెట్లు నరికి వీధి తెరిచింది మనమే కదండీ, అబ్బాయి ఒక్కడూ తవ్వుతుంటే చూస్తూ కూర్చోమంటారా?" అన్నారు. కూర్చోమనే మా మనవి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, అప్పటికీ ఇప్పటికీ మన గుండెలు పదేళ్లు పాతబడ్డాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. దానికి తడిమంచు బరువు తోడైతే గుండెపోటు రావచ్చు. ఆరోగ్యంగా ఉన్నవారైనా మంచును ఎత్తి విసరకుండా పారతో ముందుకు తోయాలి, మధ్యమధ్య ఆగాలి. ఛాతీ పట్టేసినట్టుంటే పార అక్కడే వదిలి అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయించాలి. ఊరికే కూర్చుని తినడం మన తరానికి చేతకాదు, నాకు తెలుసు. ఉప్మా చేసి పెట్టండి.

కారు స్టార్ట్ చేసే ముందు పొగ గొట్టానికి అడ్డుపడిన మంచు తీయించండి. లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారులోకే వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. గడ్డకట్టిన సరస్సుల మీద ఫొటోలు అసలే వద్దు. 2022 డిసెంబరు 26న అరిజోనాలో అలాంటి సరస్సులో ముగ్గురు భారతీయులు మునిగిపోయారు. వారిలో మన తెలుగువాళ్లున్నారు.

ప్రయాణానికి అరువిచ్చే ఉన్ని కోట్లు, బూట్లు సంఘం బీరువాలో ఉన్నాయి. కిందటేడు తీసుకెళ్లిన రెండు జతల బూట్లు ఇంకా రాలేదు. ఎవరి దగ్గరున్నాయో వారికి తెలుసు. అక్టోబరులోగా ఇచ్చేయండి, కలరా ఉండలు మేమే వేసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి