అక్రా టికెట్ కంటే ముందు పచ్చకార్డు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ‘రెండు రోజుల్లో అక్రా’ అని వచ్చిన వ్యాసం చదివాను. ఆఫ్రికా అనగానే సింహాలు, సఫారీలు తప్ప మరో మాట రాయని మన పత్రికల్లో ఘనా రాజధానికి అర పేజీ దొరకడం నాకైతే పండగే. టెమా రేవు దగ్గర ఇనుము ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేసి వచ్చినవాణ్ని. అక్కణ్నుంచి అక్రా ముప్పై కిలోమీటర్లలోపే. నెలకో రెండు నెలలకో వరసగా రెండు రోజులు సెలవు దొరికితే మా పరుగు అక్రాకే. ముందు ఆ వ్యాసంలో సవరణలు రెండు చెప్పి, అది వదిలేసిన ఎల్లో ఫీవర్ (దోమకాటుతో వచ్చే జ్వరం) టీకా సంగతికి వస్తాను.

వ్యాసంలో మకోలా మార్కెట్టును ఆదివారానికి పెట్టారు. ఆదివారం అక్కడ ఊరు ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో ఉంటుంది. మకోలాలో చాలా దుకాణాలకు తాళాలే కనిపిస్తాయి. వెళ్తే శనివారం పొద్దున్నే వెళ్లాలి. బట్టల తానులు, ఎండు చేపలు, టమాటా డబ్బాల గుట్టల మధ్య, నెత్తిన పెద్ద పెద్ద బేసిన్లతో ఆడవాళ్లు ‘ఆగో, ఆగో’ అంటూ దూసుకొస్తుంటారు. వాళ్ల భాషలో ఆ మాటకు దారివ్వమని అర్థం. మొదటిసారి వెళ్లినప్పుడు నేను తెలుగువాడిలాగే ఠక్కున ఆగిపోయాను. వెనక నుంచి మొట్టికాయలు తిన్నట్టయింది నా పని! ఇంకో మాట. డబ్బులైనా, సరుకైనా ఎడమ చేత్తో ఇవ్వకండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎలా కసురుకుంటారో వాళ్లూ అంతే.

కేప్ కోస్ట్ కోటను శనివారం చూడమనడం కూడా సరికాదు. ఘనాలో శనివారం అంటే అంత్యక్రియల రోజు. నలుపు, ఎరుపు బట్టల్లో బంధువులంతా బస్సుల్లో సొంతూళ్లకు బయల్దేరతారు. దారిలోని కసోవా ఊరు దాటేసరికే సగం పూట గడిచిపోతుంది. దారి నూట యాభై కిలోమీటర్లే అయినా ఆదివారం తెల్లవారుజామున బయల్దేరితేనే సుఖం. ఆ కోటలో మగ బానిసలను కుక్కిన చీకటి గదికి సరిగ్గా పైన ప్రార్థనా మందిరం ఉండేది. గైడు ఆ మాట చెప్పాక మా బృందంలో కాసేపు ఎవరి నోటా మాట లేదు. పక్కనే ఉన్న ఎల్మినా కోటను పోర్చుగీసువాళ్లు 1482లో కట్టారు. అంటే వాస్కోడగామా కాలికట్‌లో దిగడానికి పదహారేళ్ల ముందు. ఒక్క రోజులో రెండు కోటలూ చూడొచ్చు గానీ, రెండో కోటకు వెళ్లేసరికి మనసు మొద్దుబారిపోతుంది. ఒకటి చాలు.

ఇక అక్రాలో 1957 మార్చి 6న ఘనా నాయకుడు ఎన్‌క్రుమా స్వాతంత్ర్యం ప్రకటించిన మైదానం, జేమ్స్‌టౌన్ దీపస్తంభం, లబాడీ బీచి గురించి మీ వ్యాసంలో బాగానే రాశారు. బీచిలో స్నానానికి దిగేవాళ్లు మాత్రం జాగ్రత్త, అక్కడి సముద్రం లోపలికి లాగేస్తుంది.

నేను అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. ఎక్కడ తినాలో, ఏ హోటల్లో దిగాలో అన్నీ చెప్పిన వ్యాసంలో ఎల్లో ఫీవర్ టీకా ఊసే లేదు. ఆ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపురంగు కార్డు, అదే పచ్చకార్డు, లేనిదే ఘనాలో అడుగు పెట్టకూడదు. తిరిగొచ్చేటప్పుడు మన దేశం పెట్టే రూలు ఇంకా గట్టిది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది. అప్పటికి చెల్లని కార్డుతో ఘనాలాంటి ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి దిగితే, పది రోజులు నిండేదాకా గానీ, ఆ దేశం వదిలిన దగ్గర్నుంచి ఆరు రోజులు గడిచేదాకా గానీ, ఏది ముందైతే అప్పటిదాకా క్వారంటైన్‌లో పెడతారు.

నెల రోజులు ఉండి వచ్చేవాళ్లకు ఈ లెక్కతో పెద్దగా పని పడదు. దెబ్బ తినేది నాలుగైదు రోజుల్లో పోయొచ్చేవాళ్లే. మా చెల్లెలి కొడుకు స్నేహితుడి పెళ్లికని అక్రా వెళ్లాడు. టికెట్ తీసిన ఏజెంటు “టీకా ముందు రోజు వేయించుకున్నా చాలు” అన్నాడట. పొరుగు రాష్ట్రంలోని ఒక కేంద్రంలో వాడికి దొరికిన తేదీ మంగళవారం. గురువారం విమానం ఎక్కాడు. అక్కడ దిగినప్పుడు కార్డు చూశారే గానీ తేదీ లెక్కపెట్టలేదు. తర్వాతి మంగళవారం తిరిగొస్తే మనవాళ్లు లెక్కపెట్టారు. ఏడు రోజులే! శుక్రవారం దాకా క్వారంటైన్. పెళ్లికి పెట్టిన సెలవు కంటే ఎక్కువ టెన్షన్ ఆ మూడు రోజులదే. ఇంట్లో మా చెల్లెలు అన్నం ముడితే ఒట్టు.

అధికారులను తప్పుపట్టను. ఎల్లో ఫీవర్ వైరస్ మన దేశంలో లేదు, కానీ దాన్ని మోసే దోమ మాత్రం మన ఇంటి కుండీల్లోనే ఉంది. డెంగీ తెచ్చే ఈడిస్ దోమే అది. ఒక్క రోగి దిగి, ఒక్క దోమ కుడితే చాలు. ఆ భయం న్యాయమైనదే.

ఈ టీకా పుట్టిందీ ఘనా రక్తంలోనే. 1927లో, ఆ దేశం గోల్డ్ కోస్ట్‌గా ఉన్నప్పుడు, అసిబి అనే జ్వరపీడితుడి నుంచి తీసిన రక్తాన్ని రీసస్ కోతికి ఎక్కించి వైరస్‌ను వేరుచేశారు. అసిబి బతికి బయటపడ్డాడు. ఆ వైరస్‌నే బలహీనపరిచి తర్వాత టీకా తయారుచేసిన మాక్స్ థీలర్‌కు 1951లో నోబెల్ వచ్చింది. అదే జ్వరం మీద పరిశోధన చేయడానికి వచ్చిన జపాన్ శాస్త్రవేత్త నొగుచి 1928 మేలో అక్రాలోనే ఆ జ్వరంతో చనిపోయాడు. అక్రాలోని లెగోన్‌లో ఆయన పేరుతో పరిశోధన సంస్థ ఉంది. అక్రా మీద మరోసారి రాస్తే ఈ సంగతి కూడా వేయండి.

నా విన్నపం ఆరోగ్య శాఖకు. హైదరాబాద్ వాళ్లకు నారాయణగూడలో ఈ టీకా వేసే ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉంది. మా నెల్లూరు వాళ్లకు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర. సీమ పల్లెల నుంచి, ప్రకాశం నుంచి ఆఫ్రికాలో పనులకు వెళ్లే కుర్రాళ్లు ఒక్క సూది కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకుంటున్నారు. ఒక సీసాలో పలువురికి సరిపడా మందు ఉంటుందనీ, కలిపాక కొన్ని గంటల్లో వాడేయకపోతే పారబోయాల్సిందేననీ నాకూ తెలుసు. అందుకే రోజూ వేయమని అడగడం లేదు. పెద్ద ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో నెలకు రెండు రోజులు ఖాయం చేసి, పేర్లు ముందుగా రాసుకుని, ఆ రోజే సీసా తెరిస్తే మందూ వృథా కాదు, మనుషులూ తిరగక్కర్లేదు. 2016 జూలై నుంచి ఈ కార్డు జీవితాంతం చెల్లుతుంది కాబట్టి ఒక మనిషికి ఇది ఒక్కసారి పనే. అరవై దాటినవాళ్లకు, గుడ్డు పడనివాళ్లకు డాక్టరు చూసి చెప్పాల్సిన టీకా ఇది, కాబట్టి ఆసుపత్రిలోనే ఉండడం ఇంకా మేలు.

ఆఫ్రికా టికెట్లు అమ్మే ఏజెంట్లు రసీదు మీద ‘టీకా తర్వాత పది రోజులు’ అని తెలుగులో ఒక్క లైను అచ్చు వేసేలా కూడా ప్రభుత్వం చూడాలి. రసీదులో అంత చోటు ఉంటుంది. సామాను ఎన్ని కిలోలో ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో చూశాను.

ఇట్లు,
టెమాలో ఆరేళ్లు ఉండి వచ్చిన మీ పాఠకుడు,
నెల్లూరు