సైకిళ్లపై బియ్యం మోసినవాళ్లనూ తలుచుకుందాం

సంపాదకులకు,

మే 7 వచ్చిందంటే నాకు వియత్నాంలోని దియన్ బియన్ ఫూ గుర్తొస్తుంది. 1954లో 56 రోజుల పోరు తర్వాత అక్కడి ఫ్రెంచి స్థావరం పడిపోయింది. అందరూ వియత్నాం సేనలను నడిపిన జనరల్ జాప్ వ్యూహం గురించే చెబుతారు. చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి సేనాని కావడం గొప్పే, కాదనను. కానీ బరువైన ఫిరంగులను తాళ్లతో కొండలెక్కించినవాళ్లు, సైకిళ్లకు కర్రలు కట్టి బియ్యం మూటలు నెట్టుకెళ్లిన రైతులు, ఆడవాళ్లు? ఆ ఫిరంగుల దెబ్బకే స్థావరంలోని రన్‌వే మూతపడింది, లోయలోని ఫ్రెంచి సైన్యానికి పారాచూట్లే దిక్కయ్యాయి. స్థావరం పడిన మర్నాడే జెనీవాలో ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) చర్చలు మొదలయ్యాయి. తర్వాత అక్కడ కుదిరిన ఒప్పందం అమలును పర్యవేక్షించిన అంతర్జాతీయ కమిషన్‌కు అధ్యక్షత వహించింది మన దేశమే. ఇది మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? వచ్చే మే 7న ఆ మూటలు మోసినవాళ్ల గురించి ఒక పేజీ కేటాయించండి.

– ఒక రిటైర్డ్ చరిత్ర టీచర్, ఖమ్మం