సీజనింగ్ చేసిన టేకు అని అమ్మిన్రు, తలుపులన్నీ వంకర పోయినయ్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే సార్. మాది నల్గొండ జిల్లా దేవరకొండ. పోయిన సంక్రాంతి తర్వాత మీ నల్గొండ డిపోల మా కొత్తింటికి టేకు కట్టె తీసుకున్నం, దర్వాజలకు, తలుపులకు, కిటికీలకు అన్నిటికీ అక్కడనే. బిల్లు మీద కిల్న్ సీజన్డ్ అని మీవోళ్లే రాసిన్రు. పచ్చి కట్టె అయితే రేటు తక్కువుంటది, ఇది భట్టీల ఆరబెట్టిన మాల్ కాబట్టి ఎక్కువ అన్నరు, సరే అని ఆ రేటే ఇచ్చినం. ఒక్కసారి పెట్టిస్తే మా పిల్లల కాలం దాకా ఉండాలె గదా.

ఎండాకాలం దాటకముందే బెడ్‌రూం తలుపు మెలి తిరిగింది, కింద ఆనుతది, పై మూల మాత్రం దర్వాజకు వేలెడు దూరంల నిలబడ్డది, గడియ పడుతలేదు. వంటింటి తలుపు పలకలు జొన్నరొట్టె అంచులు లేచినట్టు లేచి నడుమ గుంట పడ్డయ్. కిటికీ రెక్కలు ఒకదాంతోని ఒకటి కలుస్తలేవు. డిపోకు ఫొటోలు పంపితే మీ సూపర్‌వైజర్ ఏమన్నడంటే, మా వడ్లాయన పనితనం బాలేదట, ఎండల పెట్టినమట, నల్గొండ ఎండలకు ఏ కట్టె అయినా ఇంతేనట.

ఈ మాటకే నాకు బాధ అయింది సార్. ఎందుకంటే అదే ఇంట్ల, అదే వడ్లాయన చేతుల, అదే నెలల పూజ గది తలుపు కూడ చేయించినం, దానికి మా తాత కట్టిన పాతింటి టేకు పలకలు వాడినం. అది వెంట్రుక వాసి కూడ కదలలేదు. ఎండ అదే, పాలిష్ అదే, మనిషి అదే, మీ కట్టె ఒక్కటే వేరు.

మీ మాల్ మేం దించుకున్న తీరు కూడ చెప్పాలె. నేల మీద పెట్టలేదు, లెవల్ చూసి ఇటుకల మీద పేర్చినం, వరుసకు వరుసకు నడుమ ఒకటే మందం సన్న బద్దలు, రెండడుగులకు ఒకటి చొప్పున, పై బద్ద కింది బద్ద మీదనే వచ్చేటట్టు పెట్టినం, పైన బరువు పెట్టి తాటిపత్రి కప్పినం, గాలి ఆడాలని పక్కలు వదిలేసినం. తలుపులకు రెండు ముఖాలకు, కింది అంచుకు, పై అంచుకు అన్నిటికీ పాలిష్ వేసినం, ఒక్కవైపే వేస్తే ఇంకోవైపు నుంచి తేమ ఎక్కి దిగి వంగుతదని మా వడ్లాయననే పట్టుబట్టి వేసిండు. మరి మీ డిపోల? పలకలు గోడకు ఒరగబెట్టి ఉంటయ్, కింది కొసలు మట్టిల, సగం నీడల సగం ఎండల. అది చూసి కూడ బిల్లు మీద రాసిన మాటనే నమ్మినం.

కట్టె ఎందుకు వంగుతదో మీకు తెల్వదని కాదు గానీ మీ సూపర్‌వైజర్‌కు చెప్పండి. కట్టెల తేమ 28, 30 శాతం దాకా దిగేటప్పుడు సైజు మారదు, అంతకన్న కిందికి దిగినప్పటి నుంచే అది కుంచించుకపోతది. అది కూడ అన్ని దిక్కుల ఒక్కతీరు కాదు, కట్టె కొసల కనబడే చెట్టు వయసు వలయాల వెంబడి తగ్గేది చేవ నుంచి బెరడు దిక్కు తగ్గేదానికి దాదాపు రెండింతలు ఉంటది, పొడుగుల అయితే తగ్గనట్టే. అందుకే పచ్చిగా కోసిన పలక ఇంటికొచ్చినంక ఆరితే బెరడు వైపు ముఖం గుంట పడుతది. మా వంటింటి తలుపు పలకల కొసలు చూస్తే వలయాలు కనబడుతయ్, ప్రతి పలకల గుంట బెరడు వైపే ఉన్నది. వడ్లాయన తప్పు అయితే అన్నీ ఒక్కతీరుగ ఎట్ల వంగుతయ్? అసలు టేకుకు తక్కువ కదిలే కట్టె అని పేరు, అదే ఇంత తిరిగిందంటే అది ఎంత పచ్చిగా వచ్చిందో మీరే ఆలోచించండి.

ఇంకొకటి. దర్వాజకు తెచ్చిన 5 ఇంచుల వెడల్పు 3 ఇంచుల మందం కట్టె ఒకటి మిగిలింది. దాన్ని నడుమకు కోయించి లోపలి ముక్క తీసి కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాంటా మీద పెడితే 412 గ్రాములు వచ్చింది. తెలిసినోళ్ల బేకరీల ఓవెన్‌ల వంద డిగ్రీల పైన పెట్టి బరువు ఇగ తగ్గదు అనేదాక ఉంచితే 340 గ్రాములకు దిగింది. పోయిన నీళ్లు 72 గ్రాములు, ఆరిన బరువుల అది 21 శాతం. ఇంత ఎండాకాలం గడిచినంక కూడ లోపల 21 శాతం ఉన్న కట్టెను భట్టీల ఆరబెట్టింది అని ఎట్ల రాసిన్రు సార్? తలుపులకు, కిటికీలకు తేమ ఎంత దాటొద్దో కట్టె తేమకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 287 ల ప్రాంతాల వారీగ రాసి ఉన్నది, మా తీరు పొడి ప్రాంతానికి ఇంకా తక్కువ ఉండాలె.

మాకు కావాల్సింది ఇది. చెడిపోయిన తలుపులకు, కిటికీలకు నిజంగ ఆరిన కట్టె ఇయ్యాలె, లేదంటే ఆ డబ్బులు వాపస్ ఇయ్యాలె. మళ్లీ చేయించడానికి అయ్యే వడ్లాయన కూలి, పాలిష్ ఖర్చు మీరే పెట్టుకోవాలె, రందా కొట్టి సరిచేస్తం అంటే ఒప్పుకోం, అట్ల చేస్తే పలక పల్చబడుతది గానీ మెలి పోదు. ఇగ ముందు కొనేటోళ్ల కోసం డిపోల తేమ మీటర్ పెట్టి కస్టమర్ ముందటనే చూపించి ఆ శాతం బిల్లు మీద రాయాలె. మా ఊర్ల అప్పు తెచ్చి ఇల్లు కట్టుకునేటోళ్లే ఎక్కువ, వాళ్లకు రెండోసారి తలుపులు చేయించే శక్తి ఉండదు.

15 రోజులల్ల రాతపూర్వకంగ జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నల్గొండ జిల్లా కమిషన్‌ల కేసు వేస్త. బిల్లు కాపీ, ఫొటోలు, కాంటా మీద బరువుల ఫొటోలు దీంతోని పంపుతున్న. కోసిన కట్టెల మిగిలిన సగం పాలిథిన్ కవర్ల చుట్టి పెట్టిన, మీ మనిషిని పంపేటప్పుడు ఉత్త టేపు ఇచ్చి పంపకండి, తేమ మీటర్ తెచ్చి నా ముందట కొలవమనండి.

ఇట్లు,
మీ కస్టమర్, దేవరకొండ