థర్మోకోల్ పూసలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎండలు మొదలవగానే పేపర్ నిండా ఫాల్స్ సీలింగ్, హీట్ ప్రూఫ్ షీట్ల యాడ్లే, కానీ అవి దేంతో చేస్తారు, పీకేశాక ఎక్కడికి పోతాయి అని ఎవ్వరూ రాయరు, అందుకే ఈ లెటర్.

మాది మల్కాజిగిరిలో 120 గజాల ఇల్లు, మేముండేది పై ఫ్లోర్. మే నెలలో రాత్రి పదకొండైనా ఫ్యాన్ కింద వేడిగాలే, అమ్మ చాప పట్టుకుని వరండాలోకి పోయేది. మేస్త్రీ మాట విని స్లాబు కింద రెండించుల థర్మోకోల్ పెట్టించి పీఓపీ చేయించాం. అబద్ధమెందుకు, పనిచేసింది, వేడి ఆపడంలో అది ఐదారడుగుల కాంక్రీటుతో సమానం మరి. కానీ వానాకాలం స్లాబు కారి మొత్తం పీకాల్సొచ్చింది. షీట్లు విరిగి తెల్ల పూసలు ఇల్లంతా, ఊడుస్తుంటే చీపురుకే అంటుకుంటాయి, తులసి కుండీలో, పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద, మిగతావి వానకి నాలాలోకి. అవి మట్టిలో కలిసేవి కావుగా, కుండీలో మట్టి తవ్వితే ఇప్పటికీ వస్తున్నాయి.

ఇప్పుడేమో పఫ్, అంటే పొంగి గట్టిపడే పాలియురేథేన్ నురగ, కొట్టించమంటున్నారు. అది ఇంకా బాగా ఆపుతుంది, కాదనను, కానీ ఆ నురగ పొంగించే గ్యాస్ సంగతేంటి? ఇదివరకు అందుకు వాడిన, ఓజోన్‌ని తినే హెచ్‌సీఎఫ్‌సీ-141బిని మన దేశంలో 2020 జనవరి 1 నుంచి ఆపేశారు, మంచిదే, దాని బదులు వాడే వాటిలో హెచ్‌ఎఫ్‌సీ రకాలు ఓజోన్ జోలికి పోవు గానీ కార్బన్ డయాక్సైడ్ కంటే వందల రెట్లు భూమిని వేడెక్కిస్తాయి. పెంటేన్‌తో పొంగించిందైతే ఆ గొడవ చాలా తక్కువ. మీది ఏ గ్యాసు బాబూ అని షాపులో అడిగితే నా మొహం వింతగా చూశాడు. రాయితో చేసే దూదిలాంటి రాక్‌వూల్ ఉంది, అది కాలదు, కాకపోతే రాయిని 1500 డిగ్రీల దాకా కరిగించి తీయాలి, పైగా మాలా స్లాబు కారిందా, తడిసి ముద్దే.

అయినా మనకి నెత్తిన ఎండే కదా అసలు బాధ, దాన్ని స్లాబు తాగేశాక కింద అడ్డం పెట్టడమెందుకని ఈ ఏడు లీకు బాగుచేయించి, తెల్లగా ఉంటే ఎండని తిప్పికొడుతుందని పైన సున్నం కొట్టించాం. సున్నపురాయి కాల్చేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కాకపోతే పూసింది గట్టిపడేటప్పుడు కొంత తిరిగి పీల్చుకుంటుంది. ఏటా కొట్టాలి, దుమ్ము పడితే కడగాలి, ట్యాంకర్ కొనుక్కునేవాళ్లకి అది చిన్న మాట కాదు. థర్మోకోల్ అంత చల్లగా లేదు గానీ అమ్మ ఇంట్లోనే పడుకుంటోంది.

2023లో మన తెలంగాణ ప్రభుత్వం ఇలా ఎండని తిప్పికొట్టే పైకప్పుల కోసం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, ఇళ్లకైతే 600 గజాల నుంచే తప్పనిసరి అన్నారు. మా గల్లీలో 600 గజాలు ఎవరికున్నాయండీ? మాలాంటి చిన్న డాబాలకి సున్నానికో తెల్ల టైల్స్‌కో కాస్త సాయం చేయమనండి, అమ్మే ప్రతి షీటు మీదా ఏ గ్యాసుతో చేశారో తెలుగులో అచ్చేయమనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మల్కాజిగిరి