2021 నాటి టైరుకు 2024 బిల్లు

హనుమకొండ,
4 ఆగస్టు 2025.

టైర్ల కంపెనీ కస్టమర్ కేర్ విభాగాధికారి గారికి,

విషయం: మూడున్నరేళ్ళ పాత టైర్లను కొత్తవని అమ్మడం, అందులో ఒకటి ఉబ్బిపోతే పరీక్ష చేయకుండానే వారంటీ లేదనడం గురించి ఫిర్యాదు.

అయ్యా,

నేను ములుగులో లెక్చరర్‌ని. రోజూ హనుమకొండ నుంచి కారులో వెళ్ళి వస్తాను, పోను రాను సుమారు వంద కిలోమీటర్లు. నాతో పాటు ముగ్గురు సహోద్యోగులు ఎక్కుతారు. పెట్రోలు ఖర్చు అందరం పంచుకుంటాం, స్టీరింగ్ మాత్రం నా చేతిలోనే ఉంటుంది. ముగ్గురికీ ఇళ్ళ దగ్గర చిన్న పిల్లలున్నారు. అందుకే టైర్ల దగ్గర నేను డబ్బుకు వెనకాడను. పాతవి గుండు అయ్యేదాకా ఆగకుండా పోయిన ఏడాది నవంబర్ 18న హనుమకొండలోని మీ అధీకృత డీలరు దగ్గర 185/65 ఆర్15 సైజు టైర్లు నాలుగు కొన్నాను. 23,600 రూపాయలు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్‌కు ఇంకో 1,200. బిల్లు ఉంది.

ఈ జూలై 24 సాయంత్రం వానలో తిరిగి వస్తుంటే మల్లంపల్లి దాటాక స్టీరింగ్ సన్నగా అదరడం మొదలైంది. రోడ్డు బాగాలేక అనుకున్నాను. ఆత్మకూరు వచ్చేసరికి అదురు పెరిగింది. వెనక ఇసుక లారీలు, ముందు ఏమీ కనపడని వాన. నలభై దాటకుండా మెల్లగా గూడెప్పాడ్ క్రాస్ దాకా వచ్చి ఒక పంక్చర్ షాపు ముందు ఆపాను. అక్కడున్న పెద్దాయన జాకీ పెట్టి ముందు ఎడమ చక్రం విప్పి, తిప్పి చూపించాడు. లోపలి వైపు సైడ్‌వాల్ మీద, అంటే టైరు పక్క గోడ మీద, నిమ్మకాయంత ఉబ్బు. బయట నిలబడి చూస్తే కనపడే చోటు కాదు. "మేడమ్, గిది పేలితే బండి మీ చేతుల ఉండకపోవు" అన్నాడు. కారులోంచి దిగి నిలబడ్డ మా సుజాత మేడమ్ ముఖం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

ఆయనే ఇంకో సంగతి కూడా చూపించాడు. ఉబ్బు ఉన్న వైపే టైరు మీద గుండ్రటి గడిలో నాలుగంకెలు: 1421. అంటే 2021వ సంవత్సరం 14వ వారంలో తయారైన టైరు. నాకు అప్పటిదాకా ఆ అంకెలు చదవడం తెలియదు. స్టెప్నీ వేసుకుని ఇంటికి వచ్చి, మర్నాడు మిగతా మూడూ చూశాను. ముందు కుడి టైరు కూడా 1421. వెనక రెండూ 3224, అంటే 2024 ఆగస్టువి. నాలుగింటికీ ఒకే ధర వేశారు, ఒకే బిల్లు ఇచ్చారు. కొత్తవాటి తేదీ బయటికి కనపడేలా, పాతవాటి తేదీ లోపలికి వెళ్ళేలా బిగించారు. ఇది కావాలని చేశారో, అలా జరిగిపోయిందో నేను తేల్చలేను. మీరు తేల్చాలి.

జూలై 26న ఆ టైరు తీసుకుని డీలరు దగ్గరికి వెళ్ళాను. అక్కడి అబ్బాయి ఫోనుతో రెండు ఫోటోలు తీసి మీ ప్రతినిధికి వాట్సాప్‌లో పంపాడు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "ఇంపాక్ట్ డ్యామేజ్, క్లెయిమ్ రాదు." అంటే దెబ్బ తగిలి పాడైందని. రిమ్ నుంచి టైరు విప్పలేదు. లోపలి పొర చూడలేదు. అరుగుదల కొలవలేదు. ఫిర్యాదు నంబరు ఇవ్వలేదు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే కుదరదన్నారు. "గుంతలో వేసుంటారు మేడమ్, లేడీస్ డ్రైవింగ్ కదా" అన్నారు. ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతున్నాను, ఒక్క చలానా లేదు, ఒక్క గీత పడలేదు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. టైరు గురించి అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

ములుగు రోడ్డు మీద గుంతలు లేవని నేను అనను. కటాక్షపూర్ దగ్గర చెరువు మత్తడి పోస్తే నీళ్ళు రోడ్డెక్కుతాయి, నీళ్ళు తీశాక కంకర తేలుతుంది. గట్టి దెబ్బ తగిలితే సైడ్‌వాల్ లోపలి దారాలు తెగి, ఆ చోట గాలి రబ్బరును బయటికి తోస్తుందని, ఉబ్బు అలా కూడా వస్తుందని నాకూ తెలుసు. తయారీలో పొరలు సరిగ్గా అతకకపోయినా ఉబ్బు వస్తుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో రెండు ఫోటోలు చూసి ఎలా చెప్పారు? నా రిమ్ ఎక్కడా వంగలేదు, సొట్ట పడలేదు. రోడ్డుకు ఆనే ట్రెడ్ మీద గానీ, బయటి సైడ్‌వాల్ మీద గానీ కోత లేదు. మీ ఇంజనీరు టైరు విప్పి, లోపల చెయ్యి పెట్టి చూసి, దెబ్బే కారణమని రుజువుతో రాసిస్తే నేను ఒప్పుకుంటాను.

నా నిర్వహణ లోపమని కూడా అనొచ్చు కాబట్టి అదీ రాస్తున్నాను. డ్రైవర్ డోరు పక్కన అంటించిన స్టిక్కర్ ప్రకారం 33 పీఎస్‌ఐ గాలి ఉంచుతాను. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ఇంటి దగ్గరి బంకులో చూపిస్తాను. ఎందుకంటే దూరం నడిచి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువ చూపిస్తుంది. ఈ టైర్లు నడిచింది సుమారు 13,000 కిలోమీటర్లు. గాలి తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే మధ్యలో, అలైన్‌మెంట్ తప్పితే ఒక పక్కన అరుగుతుంది. నా టైర్లు అడ్డంగా అంతటా ఒకేలా అరిగాయి. ట్రెడ్ లోతు ఇంకా 6 మిల్లీమీటర్లు ఉంది. చట్టం ప్రకారం 1.6 దాకా వాడుకోవచ్చు. అంటే సగం జీవితం కూడా గడవని టైరు ఇది.

అసలు విషయం వయసు. వాడకుండా పెట్టినా వేడికి, ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడుతుంది. చల్లగా, చీకటిగా ఉన్న చోట పెడితే ఆ నష్టం తక్కువంటారు. కానీ మీ డీలరు టైర్లు పేర్చింది రేకుల షెడ్డు కింద. వరంగల్ ఎండాకాలంలో రేకుల కింద ఎంత వేడి ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పక్కర్లేదు. నా టైర్లు అక్కడ ఎన్ని ఎండాకాలాలు గడిపాయో మీ రికార్డుల్లో ఉంటుంది. ఆ వివరం నాకు కావాలి. కొనేటప్పుడు "ఇవి 2021వి" అని ఒక్క మాట చెప్పి ఉంటే నేను కొనేదాన్ని కాదు. ఆ మాట చెప్పకపోవడమే నా మొదటి ఫిర్యాదు. పైగా బిల్లు మీద టైర్ల సీరియల్ నంబర్లు లేవు, వారంటీ కార్డు మీద ముద్ర లేదు. రేపు ఇవి మేము అమ్మినవి కావంటే నేనేం చూపించాలి?

కాబట్టి మీ సాంకేతిక నిపుణుడిని పంపి, నా ఎదురుగా రెండు 1421 టైర్లనూ పరీక్షించి, సంతకంతో నివేదిక ఇవ్వండి. లోపం తేలినా తేలకపోయినా, వయసు దాచి అమ్మినందుకు ఆ రెండింటి బదులు ఈ ఏడాది తయారైనవి ఇవ్వాలి, లేదా వాటి ధర 11,800 రూపాయలు తిరిగి ఇవ్వాలి. ఆ డీలరు దగ్గర మిగిలి ఉన్న పాత సరుకును కూడా వెంటనే చూడండి. నాతో పాటు ఇంకెవరు అలాంటివి బిగించుకుని తిరుగుతున్నారో తలుచుకుంటే భయంగా ఉంది. వచ్చే జనవరిలో మేడారం జాతర. మా రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి, పిల్లాపాపలతో నిండి ఉంటాయి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేస్తాను. ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. నేను ఉంటున్న చోటే కేసు వేసే వీలు ఆ చట్టం ఇచ్చింది.

బిల్లు నకలు, నాలుగు టైర్ల తేదీ అంకెల ఫోటోలు, ఉబ్బు ఫోటోలు జత చేశాను. ముందు రెండు టైర్లూ తీసేసి వేరేవి వేయించుకున్నాను. ఉబ్బిన టైరు గాలి తీయించి, రిమ్‌తో సహా మా ఇంట్లో నీడలో పెట్టాను. రెండోది దాని పక్కనే ఉంది. ఆదివారం ఎప్పుడైనా, మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు తర్వాత వచ్చి చూడొచ్చు. తీసుకెళ్ళాలంటే మాత్రం సీరియల్ నంబర్లు రాసిన రసీదు ఇవ్వాలి.

ఇట్లు,
మీ కస్టమర్,
హనుమకొండ