బుట్ట చేతులు సరే, లోపల గుడ్డ ఏది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బుట్ట చేతుల జాకెట్ల గురించి రంగుల బొమ్మలతో పుట నిండా రాశారు. 'ఈ ఏటి సరికొత్త పోకడ' అని పైన పెద్ద అక్షరాలు. బరంపురం బడా బజార్ దగ్గర ఒక సందులో నలభై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నదాన్ని. ఆ శీర్షిక చూసి మిషను ఆపి మరీ నవ్వుకున్నాను. 1983లో నేను పని నేర్చుకుంటున్నప్పుడు మొదట చేతికొచ్చిన విద్య ఆ బుట్టలకు కుచ్చులు పట్టడమే. నేర్పింది మా పిన్ని. ఆవిడ అప్పుడే మూతి విరిచేది, "ఇవేం కొత్తవే, సావిత్రి రోజుల్లో నా పెళ్ళికీ ఇవే" అని. అంటే నాకు తెలిసి ఇది మూడో రాకడ.

మా ఊళ్ళో ఠాకురాణీ అమ్మవారి యాత్ర రెండేళ్ళకోసారి వస్తుంది. యాత్ర ఏడాది పని ఒత్తిడి ఎక్కువ కాబట్టి కొలతలు విడిగా ఒక పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకాలు ఒక్కటీ పారేయలేదు. చేతి పొడవు వరస మీద వేలు పెట్టి చదువుకుంటూ పోతే కాలం తెలిసిపోతుంది. మొదట్లో ఆరు అంగుళాలు, తర్వాత నాలుగు, ఒక దశలో రెండున్నర. ఆ పైన మళ్ళీ ఒక్కో అంగుళం దిగుతూ ఇప్పుడు పది, పదకొండు. అసలు చేతులే లేని జాకెట్లు మా పిన్ని హయాంలో ఒకసారి, నా హయాంలో ఒకసారి వచ్చాయి. వీపు మీద మెడ జానెడు దిగి, తాళ్ళూ వాటి చివర గంటలూ వేలాడి, ఇప్పుడేమో పడవ మెడ అంటూ గొంతు దాకా మూసేస్తున్నారు. నేను బడికి రోజూ కట్టుకెళ్ళిన లంగావోణీని పంజాబీ డ్రెస్సు వచ్చి తరిమేసింది. అదిప్పుడు ఫంక్షన్లకు తిరిగొచ్చింది, మగ్గం పని బరువుతో. పిల్లలు అది కట్టుకుని బడికి కాదు గదా, భోజనానికి కూర్చోవడానికే అవస్థ పడుతున్నారు.

తిరిగొచ్చింది పైరూపమే, పని కాదు. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం. అప్పట్లో మాకు టూ బై టూ రూబియా అనే పల్చటి నూలు గుడ్డ. గంజి పెడితేనే బుట్ట నిలబడేది, ఒక్క వానకు కూలబడేది. అందుకని కుచ్చులు భుజం మీదే దగ్గర దగ్గరగా పట్టి, కింద పట్టీ బిగించేవాళ్ళం. ఇప్పుడు లోపల గట్టి నెట్ పెట్టి నిలబెడుతున్నారు. తప్పని అనను, నేనూ పెడుతున్నాను. నా తగాదా పక్క కుట్టుతో.

పోయిన నెలలో ఒక కాలేజీ అమ్మాయి రెండు జాకెట్లు తెచ్చింది. ఒకటి వాళ్ళ అమ్మమ్మది, మిరపపండు రంగు పట్టు. రెండోది మూడేళ్ళ క్రితం ఒక పెద్ద బొటిక్‌లో కుట్టించుకున్నది. రెండూ బిగుతే, వదులు చేయాలి. అమ్మమ్మ జాకెట్టు తిరగేసి చూశాను. డార్టు, అంటే ఒంటికి అమరడానికి పట్టే మడత కుట్టు, దాని చివర దారం ముడి వేసి ఉంది. వెనక్కి కుట్టకుండా అలా ముడి వేసేది మా పిన్ని ఒక్కతే. చెయ్యి కాసేపు ఆడలేదు. పక్క కుట్టు విప్పితే లోపల అంగుళంన్నర గుడ్డ. పైన వెలిసి ఇటుక రంగుకు తిరిగినా, ఆ మడతలో మాత్రం మొన్న నేసినట్టు ఎర్రగా ఉంది. విప్పిన కుట్టు పక్కన, పైకి కనిపించే గుడ్డ మీద పాత సూది రంధ్రాలు రెండు వరసలు. అంటే ఇదివరకే రెండుసార్లు వదులు చేశారన్నమాట, బహుశా పెళ్ళయ్యాక ఒకసారి, పురుడయ్యాక ఒకసారి. మూడోసారి నేను విప్పాను. చంక దగ్గర చెమటకు చివికిన చోట, చేతి మడతలోంచి పేలిక తీసి అతుకు వేశాను. మనవరాలికి సరిపోయింది.

రెండోది విప్పితే పావు అంగుళం. దాన్ని కూడా అంచు కత్తిరించి ఓవర్‌లాక్ మిషను మీద దారం చుట్టి మూసేశారు. పైన పూసల నెమళ్ళూ ఏనుగులూ మాత్రం ధగధగా ఉన్నాయి. ఏం చేయను? చేతులు జోడించి తిరిగి ఇచ్చేశాను.

ఆ పట్టు జాకెట్టు ఏ చీర మీదిదో కూడా ఆ అమ్మాయి చూపించింది. మా ఊరి పట్టే, అంచు పొడవునా గుడి గోపురాల్లాంటి కుంభాల వరస. ఇక్కడి డేరా వీధుల నేతగాళ్ళ పెద్దలు తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్ళు. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మీ పుటలో ఆ కుంభం అంచును కూడా 'మళ్ళీ వచ్చింది' అన్నారు. అయ్యా, అది ఎక్కడికీ పోలేదు. ఇక్కడ పెళ్ళి కూతుళ్ళు కట్టుకుంటూనే ఉన్నారు, చూడవలసినవాళ్ళు చూడలేదు, అంతే. మా కొట్టుకు వచ్చే తెలుగు పిల్లలు సంబల్‌పురి నూలు చీరలు కొంటున్నారు, ఒడియా పిల్లలు మగ్గం పని కావాలంటున్నారు. ఇది కదా కొత్త! దీని గురించి ఒక్క వాక్యం లేదు.

వచ్చే వారం ఇలాంటి బొమ్మలు వేస్తే పక్కన రెండు మాటలు కలపండి. కుట్టించుకునేటప్పుడు పక్కన అంగుళం గుడ్డ వదలమని దర్జీకి చెప్పమనండి. నేను వదులుతానంటే 'లావుగా కనిపిస్తాం, కత్తిరించేయండి ఆంటీ' అంటున్నారు. మీరు అచ్చు వేస్తే వింటారేమో. మోచేతి దాకా బుట్ట చేతులు పెట్టాలంటే కనీసం మీటరుంబావు గుడ్డ కావాలని కూడా వేయండి. మీ పుట వచ్చిన మర్నాటి నుంచి చీర చివర కత్తిరించిన ఎనభై సెంటీమీటర్ల ముక్క పట్టుకుని ఏడుగురు వచ్చారు. ఆది జాకెట్టుకు బదులు మీ పేపరు ముక్క చేతిలో పెట్టి, 'అచ్చం ఇలాగే' అంటున్నారు.

ఇట్లు,
ఒక కుట్టుపని మనిషి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.