వేసవి చదువుల శిబిరం 2025: జమా ఖర్చుల వివరణ

మన ఊరి పాఠశాల ఆవరణలో 2025 ఏప్రిల్ 28 నుంచి జూన్ 6 వరకు నడిచిన వేసవి చదువుల శిబిరానికి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు, మిగిలిన నిల్వ చందాదారులందరికీ తెలియజేయడానికి కమిటీ తరఫున ఈ వివరణ ఇస్తున్నాం. ఆదివారాలు, మే డే, రాష్ట్ర అవతరణ దినం, గాలివానకు టార్పాలిన్లు లేచిపోయిన రెండు రోజులు పోను శిబిరం 31 రోజులు జరిగింది. జూన్ 7న బక్రీద్ కావడంతో అనుకున్నదానికన్నా ఒక రోజు ముందే ముగించాం. 3వ తరగతి నుంచి 7వ తరగతి దాకా 118 మంది పేర్లు నమోదయ్యాయి, రోజుకు సగటున 74 మంది వచ్చారు.

జమ విషయానికొస్తే, ఊళ్లో 214 ఇళ్ల నుంచి రసీదులిచ్చి వసూలు చేసిన చందా రూ. 61,350. ఇందులో యాభై రూపాయల రసీదులే ఎక్కువ. మిర్చి అమ్ముకున్నాక ఇస్తామని చెప్పిన ఇళ్లవాళ్లు, ధర ఆశించినంత రాకపోయినా, మాట తప్పలేదు. హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలలో ఉంటున్న పూర్వ విద్యార్థులు 37 మంది నేరుగా బ్యాంకు ఖాతాకు పంపింది రూ. 1,12,500. మహిళా సంఘాలు కలిసి ఇచ్చింది రూ. 15,000. నిరుటి శిబిరం మిగులు రూ. 8,420, ఖాతాపై పడిన వడ్డీ రూ. 612 కలుపుకొని మొత్తం జమ రూ. 1,97,882. రెండు బస్తాల రాగులు, మూడు దఫాలుగా వచ్చిన మామిడిపండ్లు, అద్దె తీసుకోకుండా వేసిన షామియానా ఈ లెక్కలో లేవు. వాటికి వెల కట్టి కలిపితే మొత్తం ఘనంగా కనిపించేది గానీ, ఇచ్చినవారే వెల చెప్పనప్పుడు మేం వేసేది లెక్క కాదు, అంచనా.

మొత్తం ఖర్చు రూ. 1,68,955. ఇందులో అన్నిటికన్నా పెద్ద పద్దు ఆరుగురు విద్యా వాలంటీర్ల గౌరవ వేతనం. మూడు రోజుల శిక్షణతో కలిపి 34 రోజులకు, రోజుకు రూ. 350 చొప్పున, ఒక వాలంటీరు రాని తొమ్మిది రోజులకు కోత వేసి, చెల్లించింది రూ. 68,250. ఈ పద్దు మీదే ఎక్కువ మంది ప్రశ్నించారు. ఊరి పిల్లలకు ఊరి యువత చదువు చెప్పడానికి డబ్బెందుకు, అదే డబ్బుతో ప్రతి పిల్లవాడికీ ఒక బ్యాగు, అరడజను నోటుపుస్తకాలు వచ్చేవి కదా అన్నది వారి మాట. న్యాయమైన ప్రశ్నే కనుక కొంచెం విపులంగా జవాబు చెప్పాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఈ విషయంపై ఒక పరిశోధన జరిగింది. 2005లో మొదలైన ఆ అధ్యయనంలో 200 ప్రభుత్వ పాఠశాలలను తీసుకుని, లాటరీ వేసి, వాటిలో 100 పాఠశాలలకు రెండేళ్లపాటు అదనపు గ్రాంటు ఇచ్చారు. అది తలకు సుమారు మూడు డాలర్లు, అంటే అప్పటి లెక్కన నూట పాతిక రూపాయలకు అటూ ఇటూ. బళ్లు ఆ డబ్బును ఎక్కువగా నోటుపుస్తకాలు, అభ్యాస పుస్తకాలు, పెన్సిళ్ల వంటి పిల్లల సామగ్రికే వాడాయి. మొదటి ఏడాది గ్రాంటు ముందుగా తెలియకుండా వచ్చింది, ఆ బడుల పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని అందరికీ తెలుసు, మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణం వెతికితే, బడి ఎలాగూ ఇస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చు ఆ మేరకు తగ్గించుకున్నారని తేలింది. ఆర్థికవేత్తలు జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ తదితరులు 2013లో ప్రచురించిన ఈ ఫలితాలను మేం అర్థం చేసుకున్నది ఇలా: ఇంటివాళ్లు ఎలాగైనా కొనేదాన్ని మనం కొనిపెడితే ఆ ఇంటికి నాలుగు రూపాయలు మిగులుతాయి, అందులో తప్పేమీ లేదు, కానీ పిల్లవాడి చదువు మాత్రం అక్కడే ఉంటుంది. చందా ఇచ్చినవారు చదువు కోసం ఇచ్చారు. ఇంట్లో దొరకనిది, తల్లిదండ్రులు విడిగా కొనలేనిది, పక్కన కూర్చుని ఆ పిల్లవాడి స్థాయికి తగ్గట్టు రోజూ చెప్పే మనిషి. అందుకే డబ్బు అటు మళ్లించాం.

ఈ సంగతి మేం మొదటి నుంచీ గ్రహించి ఉంటే బాగుండేది. మార్చిలో జరిగిన తొలి సమావేశంలో బ్యాగులకే మొగ్గు చూపి, ఒక దుకాణానికి రూ. 5,000 బయానా ఇచ్చాం. తర్వాత మనసు మార్చుకుని ఆర్డరు రద్దు చేస్తే దుకాణదారు రూ. 3,000 తిరిగిచ్చి, అప్పటికే కత్తిరించిన గుడ్డ కింద రూ. 2,000 పట్టుకున్నారు. ఆయనను తప్పుపట్టడానికి లేదు. ఈ రూ. 2,000 కమిటీ తొందరపాటుకు అయిన ఖర్చు కనుక ఇతర ఖర్చుల్లో కలిపేయకుండా విడిగానే చూపుతున్నాం.

బోధన పద్ధతి మాది కాదు. తరగతిని బట్టి కాక పిల్లల ప్రస్తుత స్థాయిని బట్టి గుంపులు చేసి చెప్పడం పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఏళ్ల తరబడి చేస్తున్న పని, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో వంటివారు పలు రాష్ట్రాల్లో పరీక్షించి చూసిన పని. బిహార్‌లో 2008 వేసవిలో ప్రభుత్వ ఉపాధ్యాయులే నెల రోజుల శిబిరంలో ఈ పద్ధతిన చెబితే పిల్లల చదువు మెరుగుపడింది, కానీ అదే శిక్షణ, అదే సామగ్రి మామూలు బడి రోజుల్లో ఇచ్చి వదిలేస్తే దాదాపు ఏ మార్పూ రాలేదు. సిలబస్ పూర్తి చేయాల్సిన ఒత్తిడి లేని వేసవి నెలలకు ఉన్న విలువ అదే. గ్రామీణ పిల్లల చదువుపై ప్రథమ్ చేసే సర్వే అసర్ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో 3వ తరగతి పిల్లల్లో 2వ తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. కాబట్టి 5వ తరగతి పిల్లవాడిని పదాలు చదవడం నేర్చుకునే గుంపులో కూర్చోబెట్టామని నొచ్చుకున్న తల్లిదండ్రులు దాన్ని చిన్నతనంగా భావించవద్దని మనవి.

కథల కార్డులు, పరీక్షా పత్రాల ముద్రణకు, జిరాక్సుకు రూ. 14,260 అయింది. 186 కథల పుస్తకాలకు రూ. 12,480 అయింది, అవి ఇప్పుడు పాఠశాల గ్రంథాలయంలో ఉన్నాయి. పలకలు, సుద్దముక్కలు, లెక్కల పుల్లలు, రబ్బరు బ్యాండ్లకు రూ. 3,290 అయింది. రబ్బరు బ్యాండ్లకే రూ. 180 ఏమిటని ఒకరు అడిగారు. 5వ తరగతి పాప ఒకతె 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసింది. పైన ఏది, కింద ఏది అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం ఆమెకు అలవాటు. వాలంటీరు పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు ముందు పెట్టి, ఏడు పుల్లలు ఇమ్మంది. పాప కాసేపు ఆ రెండు పుల్లలనే చూసి, చివరకు ఒక కట్ట రబ్బరు బ్యాండు తనే లాగేసింది. పన్నెండులో ఏడు ఇచ్చి, మిగిలిన నాలుగు కట్టల్లో రెండు పక్కకు నెట్టి, పలక మీద 35 చెరిపేసి 25 రాసింది. అప్పు తెచ్చుకొని చేసే తీసివేత కోసం కట్టలను రోజుకు ఇన్ని సార్లు విప్పి కట్టాక ఏ బ్యాండూ రెండు వారాలు ఆగలేదు.

ఉదయం 7 నుంచి 10 దాకా జరిగే శిబిరంలో మధ్యలో ఇచ్చిన రాగిజావ, గుగ్గిళ్లు, వారానికి రెండు రోజులు గుడ్డు, వీటికి రూ. 38,940 అయింది. 31 రోజుల హాజరు కలిపితే 2,294, అంటే ఒక్కో హాజరుకు సుమారు రూ. 17. వంటమనిషికి రోజుకు రూ. 250 చొప్పున రూ. 7,750 ఇచ్చాం. ఫ్యాన్ల మరమ్మతు, తాగునీటి క్యాన్లకు రూ. 6,130, ఓఆర్ఎస్ పొట్లాలు, ప్రథమ చికిత్స సామగ్రికి రూ. 1,385, ముగింపు సభకు రూ. 4,870 అయింది.

ఆటో ఖర్చు రూ. 9,600 మొదటి అంచనాలో లేదు. మూడు కిలోమీటర్ల దూరంలోని తండా నుంచి 23 మంది పేర్లు ఇస్తే తొలి వారం వచ్చినవారు నలుగురైదుగురే. మే 7 నుంచి రోజుకు రూ. 400 చొప్పున 24 రోజులు ఆటో పెట్టాక పదిహేను మందికి తగ్గలేదు, ఒక్క తునికాకు కోత రోజుల్లో తప్ప. తల్లుల వెంట తెల్లవారకముందే అడవికి పోయే పిల్లలను ఏ ఆటో తేలేదు. వచ్చే ఏడు తండా పిల్లలకు సాయంత్రం పూట, తండాలోనే చెప్పడం మేలని మా అభిప్రాయం. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు తెలుగు చదవడం రెండో భాష నేర్చుకోవడమేనన్న సంగతి కూడా తండాకు చెందిన వాలంటీరు చెప్పేదాకా మాకు తట్టలేదు.

హాజరు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ బోస్టన్, డాలస్, పిట్స్‌బర్గ్ సహా ఐదు చోట్ల వేసవి తరగతులను పరిశీలించి, 20 రోజులు, అంతకు మించి వచ్చిన పిల్లల్లో ఎక్కువ మేలు కనిపించిందని 2016లో తెలిపింది. అయితే క్రమం తప్పక వచ్చే పిల్లలు మొదటే వేరుగా ఉండవచ్చు. మన లెక్కకూ ఆ హెచ్చరిక వర్తిస్తుంది. మన శిబిరానికి 20 రోజులకు తగ్గకుండా వచ్చినవారు 67 మంది. వారిలో మొదటి రోజు పరీక్షలో పేరా చదవలేనివారు 29 మంది ఉండగా చివరి పరీక్ష నాటికి 11 మంది మిగిలారు. అప్పు తెచ్చుకొని తీసివేత చేయలేనివారు 31 నుంచి 13కు తగ్గారు. మిగిలిన 51 మందిలో చివరి పరీక్షకు వచ్చినవారు 21 మందే కనుక వారి విషయంలో ఏమీ చెప్పలేం. శిబిరానికి రాని పిల్లలకు మేం పరీక్ష పెట్టలేదు కాబట్టి, ఈ మెరుగుదల అంతా శిబిరం పుణ్యమేనని అనడం కూడా సరికాదు. వేసవిలో పిల్లలు చదివింది మరిచిపోతారా అన్న దానిపై పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు. సగటున ఒక నెల చదువు వెనకబడుతుందని హారిస్ కూపర్ బృందం 1996లో అమెరికా అధ్యయనాలను క్రోడీకరించి చెప్పగా, పరీక్షల తీరు మారితే ఆ లెక్క నిలవడం లేదని పాల్ వాన్ హిపెల్ 2019లో అభ్యంతరం చెప్పారు. మనకు తెలిసింది, జూన్ 12న బడి తెరిచేనాటికి పద్దెనిమిది మంది పిల్లలు కొత్తగా పేరా చదువుతున్నారని.

జమలోంచి ఖర్చు పోను నిల్వ రూ. 28,927. ఇందులో రూ. 27,500 బ్యాంకు ఖాతాలో, రూ. 1,427 కోశాధికారి వద్ద నగదుగా ఉంది. జిరాక్సుకు సంబంధించి రూ. 640 ఓచరు దొరకలేదు. ఆ మొత్తాన్ని ఖర్చులో చూపకుండా కోశాధికారే భరించారు. కమిటీ సభ్యులెవరూ భత్యం గానీ ప్రయాణ ఖర్చులు గానీ తీసుకోలేదు. చివరి పరీక్షలో పేరా చదవలేకపోయిన 11 మందికి, హాజరు తగ్గిన పిల్లల్లో రాదలచినవారికి, బడి వదిలాక సాయంత్రం ఒక గంట చెప్పడానికి ఇద్దరు వాలంటీర్లను కొనసాగించాలని, నిల్వను అందుకే వాడాలని కమిటీ ప్రతిపాదిస్తోంది. చందాదారుల ఆమోదం లేకుండా ఆ డబ్బు తీయబోము.

నగదు పుస్తకం, రసీదుల ప్రతులు, ఓచర్లు, పాస్‌బుక్కు, హాజరు పట్టీలు గ్రంథాలయంలో ఉంచాం. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూడవచ్చు. రసీదు ఉండి పేరు జాబితాలో లేనివారు, మొత్తం తప్పు పడినవారు ఈ వివరణ అంటించిన నాటి నుంచి పదిహేను రోజుల్లో రసీదుతో వచ్చి చెబితే సరిచేసి, సవరించిన లెక్కను ఇదే బోర్డు మీద తిరిగి అంటిస్తాం.